గీత లేని నట్టు

ఏడో వారం

షెడ్డు తలుపు తీసి నలుగురూ గుడ్లప్పగించి నిలబడ్డ దగ్గర కథ ఆపాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ముందు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

ప్రతి ఏడూ చలికాలం మొదట్లో మోటార్‌సైకిళ్ళ మీద కొండ ఎక్కి, కనుమ దాటి, అవతలి వైపు దిగి వచ్చే బృందం ఒకటుంది. నిరుటిదాకా అందులో ముందుబండి బావది. నిరుడు ఆయన కనుమ దిగుతూ మూడో వంపులో బండితో సహా లోయలో పడి పోయాడు. వెనక చక్రం ఇరుసు కదిలి పక్కకు తిరిగిందన్నారు. లోయలో పడ్డ బండికి ఏ నట్టు పడ్డాక ఊడిందో, ఏ నట్టు ఊడినందుకు పడిందో తేల్చేవాడెవడు? అయ్యో అన్నవాళ్ళు అని, ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఆ తుక్కును మూటగట్టి తెచ్చి, ఎనిమిది నెలలు కూర్చుని మళ్ళీ బండి చేసినవాడు ఆయన బావమరిది. మెకానిక్కు. పలక పట్టాల్సిన వయసులో పానా పట్టాడు గనక లోకం అతనికి పానా అనే పేరు ఖాయం చేసింది. ఈ ఏడు ఆ బండిని బావ భార్య, అంటే పానాకు సొంత అక్క, నడుపుతోంది. వాళ్ళతో ఇంకో ఇద్దరున్నారు. ఒకడు ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. రెండో ఆయన డ్రాయింగు చెప్పి రిటైరైన మాస్టారు. కొండమీది బసలో పొగమంచుకు చిక్కి రెండు రోజులు కూర్చున్నారు. మూడోనాడు పొద్దున్న షెడ్డు తలుపు తీస్తే నాలుగు బళ్ళ చైన్లూ కడిగి నూనె పెట్టి ఉన్నాయి. చూసిన ప్రతి నట్టు మీదా ఒక తెల్ల గీత ఉంది.

ఆ గీత బావ చేతిది.

గీత సంగతి బండి తోలనివాళ్ళకు చెప్పాలి. నట్టు బిగించాక, దాని మీంచి పక్కనున్న ఇనుము మీదకు సన్నగా ఒక రంగు గీత లాగుతారు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. చదువుకున్నవాడు కాగితం మీద సంతకం పెడతాడు. చదువుకోనివాడు నట్టు మీద గీత గీస్తాడు. రెంటికీ పెద్ద తేడా లేదు, రెండో దాంట్లో ప్రాణాలుంటాయి, అంతే. పానాది పసుపు పెయింటు, కొలబద్ద పెట్టి గీసినంత తిన్నగా ఉంటుంది. బావది తెలుపు. ఆయనది ఎడంచేతి వాటం గనక గీత పక్కకు వాలి, చివర చిన్న కొక్కెంలా తిరిగేది. అదీ పెయింటు కాదు. అక్క గోళ్ళరంగు.

ఆ వాలు, ఆ కొక్కెం, ఆ తెలుపు. నాలుగు బళ్ళ మీదా అవే, పానా పసుపు గీత ఒక్కటీ లేదు.

"పానా, మర్యాదగా ఒప్పుకో," అన్నాడు దర్జీ, తన బండి ముందు గొంతుక్కూర్చుని చైను మీద వేలు రాస్తూ. "మేం పడుకున్నాక లేచొచ్చి చేశావు. తిడతాననుకోకు. కొన్నరోజున కూడా నా చైను ఇంత ముద్దుగా లేదు."

"నేను చెయ్యలేదు."

"మరి నేను చేశానా? చైను కడగడం నాకే వచ్చుంటే నీ మొహం ఇన్నేళ్ళు భరిస్తానా?"

పానా రెంచి తీసుకుని దర్జీ బండి దగ్గర కూర్చున్నాడు. ఒక్కో నట్టుకూ రెంచి తగిలించి నొక్కి చూశాడు. హ్యాండిలు నట్లు, ఇంజను బోల్టులు, బ్రేకు కడ్డీ, ఫుట్‌రెస్టు. ఏదీ పిసరంత కదల్లేదు. చైను మధ్యలో వేలితో ఎత్తి చూశాడు. రెండు వేళ్ళ మందం ఆడింది. బావ చెప్పే కొలత అదే. "చైను మరీ బిగిస్తే బేరింగు తింటుంది, మరీ వదిలితే కాలు తింటుంది. రెండు వేళ్ళు. మీ వేళ్ళు కాదు, నావి," అనేవాడు. ఆయన వేళ్ళు లావు. ఇప్పుడు ఆడుతున్నది సరిగ్గా ఆ లావే.

మాస్టారి బండి చూశాడు. తన బండి చూశాడు. అన్నీ అంతే.

నేల మీద రంపంపొట్టు ఉంది. నిన్న సాయంత్రం పానా బళ్ళు చూసుకుని బయటికొచ్చాక, చిత్తడి పీల్చుకుంటుందని బస కాపలాదారు షెడ్డంతా మందంగా చల్లి, బయట గడియ పెట్టి పోయాడు. ఇప్పుడా పొట్టు మీద అడుగులున్నాయి. తలుపు దగ్గర మొదలై బళ్ళ దాకా వచ్చాయి. అవి ఈ పూట వీళ్ళు నలుగురూ వేసినవే. చైన్ల కింద ఎక్కడా చుక్క కిరసనాయిలు లేదు, నల్లటి గుడ్డపేలిక లేదు. నాలుగు చైన్లు కడిగినవాడు ఆ మురికినంతా ఎక్కడ పోశాడో గానీ పొట్టు మాత్రం నిన్న చల్లినట్టే పసిమిగా ఉంది.

పానా అది చూశాడు. చూసి, దర్జీకి చెప్పకుండా ఊరుకున్నాడు. కొన్ని సంగతులు ఒకడికి తెలిస్తే భయం, ఇద్దరికి తెలిస్తే గోల.

"అక్కా, నీ గోళ్ళరంగు సీసా నీ దగ్గరే ఉందా?" అని దర్జీయే అడిగాడు. అడిగాక, అడక్కుండా ఉండాల్సిందనుకున్నట్టు నాలిక్కరుచుకున్నాడు.

అక్క తన బండి పక్కనే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. బావ తోలుకోటు వేసుకుంది, చేతులు రెండు మడతలు పెట్టింది. కోటు జేబులోంచి చిన్న సీసా తీసి, మూత తిప్పి, బోర్లించి పట్టుకుంది. ఏమీ కారలేదు. అడుగున రంగు గవ్వలా గట్టిపడిపోయింది.

"ఆయన పోయినప్పట్నుంచి మూత తియ్యలేదు," అంది. "ఈ గీతలు చూశాక ఇందాకే గదికెళ్ళి తీసి చూశాను. మీరడుగుతారని నాకు తెలుసు."

మాస్టారు ఈ మాటలేవీ పట్టించుకోవడం లేదు. ఆయనకు లోకమంతా మునిగిపోతున్నా లెక్క రాసుకునే అలవాటు. చిన్న నోటుబుక్కు పట్టుకుని బండి బండికీ వంగి గీతలు లెక్కపెడుతున్నాడు. నాలుగూ ఒకే కార్ఖానాలో, ఒకే అచ్చులో పోసిన పాతకాలపు బళ్ళు. ఒకదానికి ఎన్ని నట్లో అన్నిటికీ అన్నే.

"నా బండికి ఇరవై రెండు," అన్నాడు మాస్టారు. "దర్జీ బండికి ఇరవై రెండు. పానా, నీదీ ఇరవై రెండే. అమ్మాయి బండికే ఇరవై ఒకటి వస్తోంది. రెండుసార్లు లెక్కపెట్టాను. ఒకటి తగ్గింది."

"ఇరుసు నట్టుకు లేకపోతే ఏమైంది మాస్టారూ," అన్నాడు పానా, తన రెంచి తుడుచుకుంటూ. "అది సైలెన్సరు చాటున ఉంటుంది. చీకట్లో కనబడి ఉండదు."

మాస్టారు పెన్సిలు ఆపాడు. "ఏ నట్టో నేనింకా చూసుకోలేదే. ఒకటి తగ్గిందన్నాను, అంతే." కళ్ళద్దాలు సర్దుకుని, అక్క బండి వెనక్కు పోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. "అవును. ఇరుసు నట్టే. నీకెలా తెలిసిందోయ్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అందరూ విన్న సామెతే. ఇక్కడ ఎవరూ దొంగ అని కూడా అనలేదు. ఉత్త గుమ్మడికాయ అన్నారు, అంతే. పానా అప్పటికే భుజాలు తడుముకోవడం అయిపోయింది.

దర్జీకి అర్థం కాలేదు. మాస్టారికీ కాలేదు. అక్క మాత్రం తల తిప్పి తమ్ముడి వైపు చూసింది.

"మాస్టారూ, దారి ఎంతవరకు కనబడుతోందో మీరిద్దరూ గేటు దాకా వెళ్ళి చూసి రండి," అంది.

"పొగమంచు చూడ్డానికి ఇద్దరెందుకక్కా?" అన్నాడు దర్జీ. "ఒకడు చూసినా కనబడదు, ఇద్దరు చూసినా కనబడదు."

"ఒకడు తప్పిపోతే రెండోవాడొచ్చి చెప్తాడు. వెళ్ళు."

వాళ్ళు బయటికి పోయారు. నాలుగడుగులకే ఇద్దరినీ తెల్లదనం మింగేసింది. దర్జీ దగ్గు మాత్రం కాసేపు వినబడి, అదీ ఆగింది.

అక్క తన బండి వెనక కూర్చుంది. సైలెన్సరు చాటున చెయ్యి పెట్టి ఇరుసు నట్టును పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు, అంతే. తిప్పింది. నట్టు తిరిగింది. సీసా మూత తిరిగినంత తేలిగ్గా అరచుట్టు తిరిగింది.

పానా ముందుకొచ్చి వంగాడు. "నిన్న సాయంత్రం నేనే బిగించానక్కా. పొడుగు రెంచి వేసి, బరువంతా మోపి బిగించాను. ఒట్టు."

"నిరుడు కూడా బిగించావా?"

షెడ్డు రేకుల మీంచి మంచు నీళ్ళై జారి బయట టప్ టప్‌మని పడుతోంది. పానా రెంచి కింద పెట్టాడు. ఏడాదిగా ఈ ప్రశ్న ఎవరడుగుతారా అని ఎదురుచూశాడు. పోలీసులు అడగలేదు, బృందంలో ఎవరూ అడగలేదు. అడగరని గుండె రాయి చేసుకున్నాడు. అమ్మానాన్న పోయాక అతనికి ఇల్లంటే అక్క ఇల్లే. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. రెండు పూటలా అక్క గిన్నెలోంచి వడ్డిస్తేనే అన్నం. ఆ చెయ్యి తన కంచం మీద ఆగిపోతుందని అతని భయం.

"నాకు సమాధానం కావాలి," అంది అక్క. "ఇంకో అరగంటలో నేను ఈ బండి ఎక్కి ఆ దారినే దిగాలి. నాకు తెలియాలి."

"బిగించలేదు," అన్నాడు పానా.

చెప్పేశాక ఆపుకోలేకపోయాడు. తలుపు తీస్తే లోపలి పొగంతా ఒక్కసారి వచ్చినట్టు వచ్చింది.

"బయల్దేరే రోజు పొద్దున్న, తొమ్మిదింటికి. నీకు గుర్తుందిగా, బావ వెనక చక్రానికి మేకు దిగింది. విప్పి పంచరు వేశాను. చక్రం ఎక్కించి, ఇరుసు తోసి, నట్టు చేత్తో తిప్పి పెట్టాను. పొడుగు రెంచి దర్జీ పట్టుకెళ్ళాడు. నా చేతిలో అప్పటికే బ్రష్షుంది, బ్రేకు నట్లకు గీస్తున్నాను. రంగు ఆరిపోతోంది. రెంచి తెచ్చి ఎలాగూ బిగిస్తాను కదా అని... ముందే గీత గీసేశాను. గీసి రెంచి కోసం వెళ్ళాను. అక్కడ దర్జీ క్లచ్చు వైరు తెగి ఏడుస్తున్నాడు. సరేలే అని వాడి వైరు వేస్తూ కూర్చున్నాను."

"తర్వాత?"

"బావ హెల్మెట్టు పెట్టుకుంటూ అడిగాడు. ఏరా, ఇరుసు బిగించావా అని. నేను దర్జీ బండి దగ్గర కూర్చునే సైలెన్సరు సందులోంచి చూశాను. పసుపు గీత కనబడింది. నా గీతే. నాకే గుర్తులేదక్కా. గీతుంటే బిగించినట్టే కదా. ముప్పై ఏళ్ళ అలవాటు." పానా తన చేతులకేసి చూసుకున్నాడు. "'గీత ఉందిగా బావా' అన్నాను."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు. నవ్వి బండెక్కాడు. కొండ ఎక్కేటప్పుడు చైను లాగి పట్టుకోబట్టి చక్రం నిలబడింది. దిగేటప్పుడు వదిలేసింది. మూడో వంపు దాకా వచ్చిందంటే అదే ఎక్కువ. నాకు ఎప్పుడు గుర్తొచ్చిందో తెలుసా? ఆయన్ని పైకి తెచ్చి పడుకోబెట్టాక. నా చేతికి పసుపు రంగు అంటుకుని ఉంది. అది చూశాక."

అక్క లేవలేదు. నట్టు మీద చెయ్యి అలాగే ఉంది.

"ఆయన చెయ్యి పెట్టి చూడలేదా?"

"లేదు."

"నేనిచ్చిన టీ అయినా వేలు పెట్టి వేడి చూసి గానీ తాగని మనిషి. ప్రతి నట్టూ నీ వెనకాలే వచ్చి పట్టి చూసే మనిషి. ఆ ఒక్క రోజు ఎందుకు చూడలేదు?"

పానాకు ఆ సంగతి మాత్రం తెలియదు. ఏడాదిగా అదే అతన్ని తొలిచింది. చూసి ఉంటే బతికేవాడు కదా అని, చచ్చినవాడి మీద కోపం కూడా వచ్చిన రోజులున్నాయి. అలాంటి కోపం తెచ్చుకున్నవాడికే తెలుస్తుంది అదెంత నీచంగా ఉంటుందో.

"నాకు తెలుసు," అంది అక్క. "ముందురోజు సాయంత్రం నువ్వేం చేశావో చెప్పు."

"ఏం చేశాను?"

"రెంచి విసిరికొట్టావు. నువ్వు బిగించిన నట్టుకు ఆయన మళ్ళీ రెంచి పెట్టారని. మాస్టారి ముందూ దర్జీ ముందూ. 'నా గీత మీద నమ్మకం లేకపోతే ఇంకో మెకానిక్కుని చూసుకో' అన్నావు. గుర్తుందా?"

గుర్తుంది. ఆ రెంచి గోడకు తగిలి ఎగిరిపడ్డ చప్పుడు కూడా గుర్తుంది.

"ఆయన ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ నాతో అన్నారు. 'వాడికి చదువు లేదు, పెళ్ళాం లేదు. వాడికున్న పరువల్లా ఆ గీతే. నలుగుర్లో దాన్ని నేను తీసేస్తున్నాను. రేపట్నుంచి వాడి నట్టు మీద చెయ్యి పెట్టను' అని." అక్క మాట ఎక్కడా వణకలేదు. అందుకే పానాకు ఎక్కువ భయం వేసింది. "ఈ ముక్క నా దగ్గరుంది. రెండో ముక్క నీ దగ్గరుంది. ఏడాదిపాటు ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం."

పానా రంపంపొట్టులో కూలబడ్డాడు. నా తప్పు వల్ల పోయాడనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. నా పరువు కోసం పోయాడని ఇప్పుడు తెలిసింది. మొదటిదాన్ని ఎలాగో మోశాడు. రెండోదానికి వీపు చాలదు.

"అక్కా," అన్నాడు. "ఈ గీతలు నువ్వు గీశావా? నన్ను పట్టుకోడానికి?"

"నువ్వు గీశావనుకున్నాను," అంది అక్క. "ఒప్పుకోడానికి నోరు రాక, చేత్తో ఒప్పుకుంటున్నావనుకున్నాను."

ఇద్దరూ ఒకేసారి నాలుగు బళ్ళ వైపూ చూశారు. తెల్ల గీతలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. తలుపు తీసి రెండు గంటలైంది. గోళ్ళరంగు ఆరడానికి ఐదు నిమిషాలు చాలు.

అక్క లేచింది. మోకాళ్ళకు అంటిన పొట్టు దులుపుకుంది. పానా పెట్టె దగ్గరికి వెళ్ళి, పొడుగు రెంచి తీసింది. పసుపు పెయింటు డబ్బా తీసింది. బ్రష్షు తీసింది.

"నీ బండి స్టార్టు చెయ్యి. గోడవైపు తిరిగి ఆక్సిలేటరు పట్టుకుని నిల్చో. నేను చాలు అనేదాకా వదలకు."

"ఎందుకు?"

"నట్టు బిగిస్తే ఎంత చప్పుడొస్తుందో, బిగించకపోతే ఎంత వస్తుందో నీ చెవికి తెలుసు గనక."

పానాకు అర్థమైంది. లేచాడు. బండి స్టార్టు చేసి, గోడకేసి తిరిగి, ఆక్సిలేటరు తిప్పాడు. రేకుల షెడ్డు ఆ మోతకు దడదడలాడింది. గోడ మీద చెమ్మ మరకలు తప్ప అతనికేమీ కనబడలేదు. వెనకాల అక్క ఏం చేస్తోందో, ఎంతసేపు చేసిందో తెలియలేదు. భుజం మీద చెయ్యి పడితే వదిలేశాడు.

ఇరుసు నట్టు మీద పసుపు గీత ఉంది. తిన్నగా, అచ్చం అతని గీతలాగే. అక్క ముప్పై ఏళ్ళుగా చూసిన గీతే కదా.

"ఈ బండి నువ్వు నడుపుతావు," అంది అక్క. "ముందు నువ్వు. నేను నీ బండి మీద నీ వెనకే వస్తాను. ఆ నట్టును నువ్వు ముట్టుకోకూడదు. ఎవరికీ చెప్పకూడదు."

"బిగించావా అక్కా?"

"గీత ఉందిగా," అంది అక్క.

పానా ఆమె మొహం చూశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేసిన మొహం అది. అందులో ఇవాళ చదవడానికి ఏమీ లేదు.

"బిగించానో లేదో నాకు తెలుసు, నీకు తెలీదు. నిరుడు ఆయనకీ అంతే," అంది. "ఎక్కనంటే ఎక్కకు. నేనే ఎక్కుతాను. నాకు తెలుసు గనక నాకు పరవాలేదు. కానీ నువ్వు ఇంక నా ఇంటికి రాకు."

పానా హెల్మెట్టు తీసుకున్నాడు.

అప్పటికి దర్జీ, మాస్టారూ చేతులు రుద్దుకుంటూ వచ్చారు. మొదటి వంపు దాకా తెరిపిచ్చిందని, ఇప్పుడు దిగితే దిగినట్టు, లేకపోతే ఇంకో రెండ్రోజులు ఇక్కడే ఎండు రొట్టె నములుతూ కూర్చోవాలని మాస్టారు చెప్పాడు. పానా బావ బండి మీద కూర్చుని ఉండటం చూసి దర్జీ ఆగాడు.

"ఏంటి, బళ్ళు మార్చుకున్నారా? పానా ముందుబండా? సరిపోయింది. ఇవాళ సాయంత్రానికి కూడా దిగం. వంపు వంపుకీ దిగి చైను చూస్తాడు."

"పదరా," అన్నాడు పానా.

"ఆగవయ్యా. రూలు రూలే."

ఆ రూలు బావ పెట్టింది. బయల్దేరే ముందు ఎవరి బండి వాళ్ళు చూసుకోకూడదు, పక్కవాడి బండి చూడాలి. మన మొహం మీది మసి మనకు కనబడదు, మన బండి లోపమూ అంతే అనేవాడు. ముందుబండి చూడాల్సిన వంతు దర్జీది. వాడు టైర్లు నొక్కాడు. ముందు బ్రేకు పట్టి చూశాడు. చైను రెండు వేళ్ళతో ఎత్తాడు. నూనె అంటిన వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుంటూ వెనక చక్రం దగ్గర వంగాడు. సైలెన్సరు చాటుకు తల పెట్టాడు.

పానా వెనక్కు తిరిగి చూశాడు. ఒక్క మాటంటే చాలు. రెంచి పెట్టి చూడరా అంటే చాలు. రెండడుగుల దూరంలో అక్క తన గ్లవ్సు ఒక్కో వేలే తొడుక్కుంటోంది, అతని వైపు చూడటం లేదు.

"గీత ఉంది," అన్నాడు దర్జీ లేచి. పానా వీపు మీద చరిచాడు. "నీ గీత ఉన్నాక నేనెవణ్ణి చూడ్డానికి? పోనీ."

బళ్ళు వరసగా గేటు దాటాయి. పానా ముందు, అక్క వెనక, దర్జీ, చివర మాస్టారు. గేటు దాటగానే దిగుడు. రోడ్డు తడిసి నల్లగా ఉంది. ఎడమ వైపు కొండ, కుడి వైపు ఏమీ లేదు. ఉత్త తెలుపు. తెరిపిచ్చిందన్న మాటే గానీ చక్రానికి ముందు పది గజాలకు మించి కనబడటం లేదు.

పానా రెండో గేరులో దింపుతున్నాడు. కళ్ళు ముందుకే ఉన్నా ఒళ్ళంతా వెనక చక్రం మీదే ఉంది. మెకానిక్కు బండిని చెవితో నడపడు, పిర్రలతో నడుపుతాడు. ఇరుసు లూజైతే ముందు తోక ఊగుతుంది. అది ఊగుతుందా అని వెన్నుపూస ఒక్కొక్కటీ ఎదురుచూస్తోంది. ఊగడం లేదు. ఊగడం లేదంటే బిగించిందా? దిగుడింకా మొదట్లోనే ఉందా?

వంద గజాలు దిగాడు. రెండొందలు.

అప్పుడు బండి వెనక భాగం కిందికి దిగింది.

గొయ్యి కాదు. గొయ్యిలో పడితే దిగి లేస్తుంది. ఇది దిగి అలాగే ఉండిపోయింది. షాకబ్జార్బర్లు రెండూ కొంచెం కొంచెంగా నొక్కుకుని, ఒక మనిషి బరువుకు ఎంత నొక్కుకోవాలో అంతకు వచ్చి ఆగాయి. ముందు చక్రం తేలికైంది. హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీంచి లేచి మంచులోకి పోయింది. వెనక సీటు మీద ఎవరైనా ఎక్కి, కాళ్ళు పెట్టుకుని, సర్దుకుని కూర్చుంటే బండి చేసే పని అదే. ఆ బండికి స్ప్రింగులు వేసింది పానాయే. ఎంత బరువుకు ఎంత దిగుతాయో అతనికి తెలుసు. లావుపాటి మనిషి, బావంత.

తల తిప్పలేదు. తిప్పడానికి మెడ రాలేదు.

వెనకాల అక్క హారను మోగింది. ఒక్కటే, పొడుగ్గా, ఆపకుండా. ఆమె అతనికి పది అడుగుల వెనక ఉంది. తన ముందున్నదేదో ఆమెకు కనబడుతోంది.

మంచులోంచి మొదటి వంపు రాయి తేలింది. పానా కుడికాలు లేపి బ్రేకు మీదకు తెచ్చాడు. ఇంకా తొక్కలేదు. పెడలుకూ బూటుకూ మధ్య అంగుళం సందుంది.

ఎవరో బ్రేకు తొక్కుతున్నట్టు వెనక చక్రం మెల్లగా పట్టేయసాగింది.